ధర తగ్గించే ముందు పనిని విడదీసి చూడండి

యంత్రాల మాన్యువళ్లను అనువదించే మిమ్మల్ని, ఒక విదేశీ బృందం సగం ధరకే చేస్తానంటోంది కాబట్టి మీరూ తగ్గించాలని పాత క్లయింటు అడిగారన్నారు. మొత్తం మీద ఒక్కసారిగా తగ్గించవద్దని నా సలహా.

1988లో అమెరికాను బ్రిటన్, ఫ్రాన్స్‌లతో కలిపిన టాట్-8, అట్లాంటిక్ అడుగున వేసిన తొలి ఆప్టికల్ ఫైబర్ కేబుల్. అలాంటివి పెరిగేకొద్దీ తెర మీద పూర్తయ్యే పనికి దూరం అడ్డు కాకుండా పోయింది. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చాక ముసాయిదా అనువాదం కూడా దాదాపు ఉచితమైంది కనుక, మీ పోటీదారు అమ్ముతున్నది బహుశా అదే.

వారి నమూనా పేజీ ఒకటి తెప్పించుకుని, ముందుగా హెచ్చరికల భాగం చదవండి. "మూత తీసే ముందు విద్యుత్తు ఆపాలి" అన్న వాక్యంలో "ముందు" కాస్తా "తర్వాత" అయితే జరిగే నష్టానికి ఎవరు బాధ్యులో ఒప్పందంలో రాశారా అని క్లయింటునే అడగండి. ముసాయిదాను మీరూ యంత్రంతోనే చేయించి ఆ మేరకు ధర తగ్గించండి (ఫైళ్లను ఉచిత సేవల్లో పెట్టే ముందు గోప్యత షరతు చూసుకోండి). పదకోశానికి, తుది పరిశీలనకు, తప్పు దొర్లితే వహించే బాధ్యతకు మాత్రం విడిగా, పూర్తి ధర చెప్పండి. అప్పటికీ సగం ధరే కావాలంటే ఆ క్లయింటును వదులుకోవడమే మేలు.