ఫోన్‌తో ఫొటోగ్రఫీ నేర్చుకోవచ్చా?

కెమెరా కొనలేని విద్యార్థి ఎక్కడ మొదలుపెట్టాలని ఒకరు అడిగారు. ఫోన్‌లో ప్రో మోడ్ (కెమెరా సెట్టింగులు మనమే మార్చుకునే వీలు) ఉంటే చాలు.

ముందు షట్టర్ స్పీడ్ అర్థం చేసుకోండి. అంటే, వెలుతురుని ఫొటోగా మార్చే సెన్సర్ మీద ఆ వెలుతురు ఎంతసేపు పడుతుందన్నది. తిరుగుతున్న ఫ్యాన్‌ని 1/30 సెకను దగ్గర తీస్తే రెక్కలు అలికేసినట్టు వస్తాయి. 1/1000 దగ్గర దాదాపు ఆగినట్టు, విడివిడిగా కనిపిస్తాయి. కానీ ఫొటో చీకటిగా ఉంటుంది, ఎందుకంటే సెన్సర్ మీద వెలుతురు పడే సమయం తగ్గింది. అప్పుడు ఐఎస్ఓ (పడిన వెలుతురుని ఫొటోలో ఎంత ప్రకాశంగా చూపాలో చెప్పే సెట్టింగ్) పెంచాలి. 100 నుంచి 200 చేస్తే వెలుగు రెట్టింపవుతుంది, మరీ పెంచితే చుక్కలు చుక్కలుగా గరుకు తేలుతుంది. ఎపర్చర్ (లెన్స్‌లో వెలుతురు లోపలికొచ్చే రంధ్రం సైజు) చాలా ఫోన్లలో మారదు, దాని గురించి ఇప్పుడే టెన్షన్ వద్దు.

నా దృష్టిలో వీటన్నిటికన్నా వెలుతురు ఎటునుంచి వస్తోందో గమనించడమే ముఖ్యం. అమ్మమ్మని ట్యూబ్‌లైట్ కింద ఒకటి, కిటికీ పక్కన ఒకటి తీసి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

డిగ్రీగానే చదవాలనుకుంటే హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్ఏఎఫ్ఏయూ)లో ఫొటోగ్రఫీతో బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ఉంది.