ముందు గోదావరి, తర్వాతే బంగాళాఖాతం

చి. అమ్మడికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ పరిశోధన కోసం బంగాళాఖాతంలో చేయబోయే క్రూజ్ ప్లాన్ శ్రద్ధగా చదివాను. అక్టోబరు చివర విశాఖలో ఓడ ఎక్కి ఉత్తరానికి వెళ్తూ ఎక్కడెక్కడ ఆగాలో, ఏ లోతుల్లో నీళ్లు పట్టాలో చక్కగా రాసుకున్నావు. కానీ అందులో ఒక్క నది పేరు కూడా లేదు, వాననీటి ఊసే లేదు. ఐసోటోపులతో, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న పరమాణువులతో, సముద్రపు నీటి పుట్టుక కనిపెట్టాలంటే, ముందు ఆ నీళ్లు పుట్టిన చోట్ల శాంపిల్స్ పట్టుకోవాలి. రుతుపవనాలు ఇంకా రాలేదు, వ్యవధి ఉంది. అందుకే ఇప్పుడే వివరంగా రాస్తున్నాను.

మీ అమ్మ కూడా ఈ ఉత్తరం చదువుతుంది కాబట్టి నీకు తెలిసిన సంగతే ఒకసారి చెప్తాను. ప్రతి వెయ్యి ఆక్సిజన్ పరమాణువుల్లో సుమారు రెండు ఆక్సిజన్-18, మిగతావి దాదాపు అన్నీ ఆక్సిజన్-16. నీరు ఆవిరయ్యేటప్పుడు తేలికవి సులువుగా లేస్తాయి, మేఘం కురిసేటప్పుడు బరువైనవి ముందు రాలతాయి. మేఘం సముద్రానికి దూరం పోయే కొద్దీ, ఎత్తుకి ఎక్కే కొద్దీ మిగిలిన ఆవిరి ఇంకా తేలికవుతుంది. అందుకే హిమాలయాల మీంచి వచ్చే బ్రహ్మపుత్ర నీరు గోదావరి నీటికంటే తేలిక. ఈ తేడాని ప్రామాణిక సముద్రజలంతో పోల్చి, వెయ్యికి ఇన్ని వంతులని డెల్టా విలువగా రాస్తాం. తేలిక నీటికి అది మైనస్‌లో ఉంటుంది. పైపొర వదిలి కిందికి దిగాక ఆ నీటికి ఎండా తగలదు, వానా తగలదు. ఇంకో నీటితో కలిస్తే తప్ప దాని ఉప్పదనమూ మారదు, ఈ విలువా మారదు. ఆ నీటిని దూరం దాకా వెంబడించగలిగేది అందువల్లే.

బంగాళాఖాతంలోకి నదులన్నీ కలిసి ఏటా సుమారు 1,600 ఘన కిలోమీటర్ల నీరు తెస్తాయి. మన టీఎంసీల్లో చెప్పుకుంటే 56 వేలకు పైమాటే. దాని మీద నేరుగా పడే వానలు. ఉప్పదనం కొలిస్తే మంచినీరు ఎంత కలిసిందో తెలుస్తుంది, అది ఎక్కడి నీరో తెలియదు. నది నీరైనా వాన నీరైనా ఉప్పుని ఒకేలా పలచన చేస్తుంది కదా. ఇప్పుడు లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. అసలు సముద్రం ఉప్పదనం 34.5 (కిలో నీటిలో సుమారు ఇన్ని గ్రాముల ఉప్పు), డెల్టా ప్లస్ 0.3. నీ సీసాలో ఉప్పదనం 28 వచ్చింది. అంటే అందులో దాదాపు 19 శాతం మంచినీరు. అదంతా మైనస్ 4 విలువ ఉన్న వాన అయితే సీసాలో డెల్టా మైనస్ 0.5 రావాలి. అంతా మైనస్ 7 ఉన్న నది నీరైతే మైనస్ 1.1 రావాలి. నీకు మైనస్ 0.8 వచ్చిందనుకో, సగం వాన, సగం నది అని రాసేస్తావు. కానీ ఆ ఏడాది వరదలో నది విలువ నిజానికి మైనస్ 10 అయ్యుంటే? అదే సీసా, అదే కొలత, నది వాటా సగం నుంచి పావుకి పడిపోతుంది. మెషీన్ ఎంత ఖరీదైనదైనా ఈ తప్పుని పట్టుకోలేదు. నది విలువని ఎవరి పేపర్లోంచో తెచ్చి పెట్టుకుంటే, నీ జవాబు కూడా వాళ్ల నది జవాబే అవుతుంది, నీ సముద్రం జవాబు కాదు.

కాబట్టి గోదావరి నుంచి మొదలుపెట్టు. ధవళేశ్వరం బ్యారేజీకి ఎగువనే పట్టాలి. దిగువన గౌతమి పాయలోకి పోటుతో సముద్రం నీరు ఎక్కుతుంది. యానాం దగ్గర వేసవిలో పట్టిన నీటిని నది అనుకోవడానికి లేదు. రాజమండ్రి, కొవ్వూరు మధ్య వంతెన మీంచి బకెట్ దించి నడి ప్రవాహంలో తీసుకోవడం మేలు. గట్టు పక్కన మడుగు కట్టిన నీరు ఎండకి ఆవిరై బరువెక్కి ఉంటుంది. బ్యారేజీ వెనక వేసవంతా నిలిచిన నీటిదీ అదే పరిస్థితి. తొలి వరదతో ముందు అది బయటికి పోతుంది, అసలు వాన నీరు తర్వాత వస్తుంది. అందుకని ఒక్కసారి పట్టి ఇదే గోదావరి అనకూడదు. ప్రాణహిత నుంచి వచ్చిన వరద వేరు, ఇంద్రావతి వరద వేరు, శబరి వరద వేరు. ఒక్కోదాని మీద ఒక్కో రకం వాన కురిసి ఉంటుంది. జూన్ చివర నుంచి అక్టోబరు దాకా వారానికొక శాంపిల్, వరద ఉద్ధృతంగా ఉన్న రోజుల్లో రోజుకొకటి. వాటితోపాటు ధవళేశ్వరంలో ఆ రోజు ఎన్ని క్యూసెక్కులు వదిలారో కూడా రాసిపెట్టు, పేపర్లో వస్తుంది. సగటు తీసేటప్పుడు ప్రవాహాన్ని బట్టి బరువు వెయ్యాలి. పది లక్షల క్యూసెక్కులు పోయిన రోజు విలువనీ, యాభై వేలు పోయిన రోజు విలువనీ సమానంగా కలిపితే ఆ సగటుకి అర్థం ఉండదు.

గంగ, బ్రహ్మపుత్ర దాకా నువ్వు వెళ్లలేవు. వాటికి అంతర్జాతీయ అణుశక్తి సంస్థ నడిపే డేటాబేస్‌లో, అచ్చయిన పేపర్లలో ఉన్న విలువలే వాడక తప్పదు. అయితే వాడేటప్పుడు ఒక్క అంకె పెట్టకు, తక్కువ నుంచి ఎక్కువ దాకా ఒక పరిధి పెట్టు. ఆ పరిధంతా తిప్పి చూశాక కూడా నిలబడే మాటే నీ సిద్ధాంత గ్రంథంలో రాయి.

వాన సంగతి నేను మరీ గట్టిగా చెప్పాలి. కోస్తాలో నైరుతి వానకంటే అక్టోబరు నుంచి వచ్చే ఈశాన్య రుతుపవనాల వాన సాధారణంగా తేలిక. తుఫాను వాన ఇంకా తేలిక. నువ్వు ఓడ ఎక్కేది సరిగ్గా తుఫానుల కాలంలో. ముందు వారం ఒక వాయుగుండం గట్టిగా కురిసి పోయుంటే, ఆ వాననీరు ఆక్సిజన్ విలువలో అచ్చం నది నీటిలాగే కనిపిస్తుంది. దాన్ని విడదీయాలంటే హైడ్రోజన్ ఐసోటోపు కూడా కొలవాలి. 1961లో హార్మన్ క్రెయిగ్ అనే శాస్త్రవేత్త వాననీళ్లకి ఇచ్చిన గీత నీకు తెలుసు: హైడ్రోజన్ డెల్టా అంటే ఆక్సిజన్ డెల్టాకి ఎనిమిది రెట్లు, దానికి పది కలుపు. ఎండకి ఆవిరైన నీరు ఆ గీత కిందికి జారుతుంది. జలాశయాల్లో నిలిచి వచ్చిన నది నీటికి ఆ గుర్తు ఉండే అవకాశం ఉంది, నిన్న పడ్డ వానకి తక్కువ. అది కూడా చాలకపోతే రేడియం అనే రేడియోధార్మిక మూలకం ఉంది. నది తెచ్చిన మట్టి ఉప్పునీటిని తాకగానే రేడియాన్ని వదులుతుంది, వానలో అది దాదాపు ఉండదు. రేడియం-224 సగం ఆయుష్షు (సగం తరిగిపోవడానికి పట్టే కాలం) 3.6 రోజులు, రేడియం-228ది 5.75 ఏళ్లు. తీరం వదిలి ఎన్నాళ్లయిందో కూడా వాటి నిష్పత్తి చెప్తుంది. దానికి మాంగనీస్ డయాక్సైడ్ పట్టించిన యాక్రిలిక్ పీచు గుండా వందల లీటర్ల నీరు పోనివ్వాలి. అహ్మదాబాద్ పీఆర్ఎల్ (ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ)లో దేవేంద్ర లాల్, బి.ఎల్.కె. సోమయాజులు వంటి శాస్త్రవేత్తలు ఇనుము హైడ్రాక్సైడ్ పట్టించిన పీచుతో సముద్రంలోంచి సిలికాన్-32 అనే రేడియోధార్మిక ఐసోటోపుని లాగారు. ఈ దేశంలో ఈ పని మనకి కొత్త కాదు, వాళ్ల పేపర్లు తెచ్చుకుని చదువు.

మీ ఇంటి డాబా మీద వాన పట్టే ఏర్పాటు ఇవాళే చెయ్యి. గరాటు నుంచి సన్నని గొట్టం సీసా అడుగుదాకా దిగాలి, అప్పుడు గాలి తగిలే నీరు తక్కువ. వాన వెలిసిన రోజే వేరే సీసాలోకి మార్చి బిగించు.

ఇక ఓడ మీద. నీళ్లు పైకి వచ్చాక నిస్కిన్ బాటిల్స్ (కోరిన లోతులో నీళ్లు పట్టే బాటిల్స్) దగ్గర వాయువులు కొలిచేవాళ్లు ముందు పట్టుకుంటారు, ఆక్సిజన్ వాళ్లకి దారి ఇవ్వు. కానీ మరీ చివరిదాకా ఆగకు. సీసాని అదే నీటితో మూడుసార్లు కడిగి, అంచుదాకా నింపి, గాలి బుడగ లేకుండా మూత బిగించి, పైన పారాఫిల్మ్ (సాగే మైనపు పొర) చుట్టు. గాజు సీసాలే తీసుకెళ్లు. ప్లాస్టిక్‌లో నెలల తరబడి ఉంచితే మూతలోంచి, గోడలోంచి కొంచెం కొంచెం ఆవిరి పోతూనే ఉంటుంది. అలా ఆవిరైన శాంపిల్‌ని చూసి, ఇది అరేబియా సముద్రం నుంచి వచ్చిన ఉప్పునీరు అనుకునే ప్రమాదం ఉంది. ఉప్పదనం కోసం నీరు అదే నిస్కిన్ లోంచి పట్టు. నీళ్లలోకి దించే సీటీడీ పరికరం చూపించిన అంకె చాలదు, ఆటోసాల్ అనే ఉప్పదనం కొలిచే మెషీన్‌తో కొలిపించు. రాత్రి షిఫ్టులో అందరూ అలిసిపోయి ఉంటారు. అప్పుడు ఒకరు లోతు పైకి చదవాలి, ఇంకొకరు తిరిగి చెప్తూ రాయాలి. లేబుల్ పెన్సిల్‌తో రాసి పైన పారదర్శక టేప్ అంటించు.

ఐసోటోపులు కొలిచే లేజర్ మెషీన్‌లో సముద్రపు నీరు పెడితే ఆవిరి గదిలో ఉప్పు పేరుకుంటుంది, ముందు శాంపిల్ ఛాయ తర్వాతి దాంట్లో కనిపిస్తుంది. మొదటి కొన్ని ఇంజెక్షన్లు వదిలెయ్యి, మధ్యమధ్య స్టాండర్డ్ నీరు పెడుతూ ఉండు. కార్బన్ డయాక్సైడ్‌తో సమతుల్యం చేసి కొలిచే పాత పద్ధతి విలువలనీ లేజర్ విలువలనీ పోల్చి చూడకుండా ఒకే పట్టికలో కలపొద్దు.

నీ ప్లాన్‌లో నియోడిమియం కూడా ఉంది, రాళ్లలోంచీ మట్టిలోంచీ నీటిలోకి వచ్చే లోహం. నాకు ఇష్టమైన ట్రేసర్ (నీటి జాడ చెప్పే గుర్తు) అది. అట్లాంటిక్‌లో నీటి జాడకి అద్భుతంగా పనికొచ్చింది. దాని ఐసోటోపుల విలువ ఉత్తర అట్లాంటిక్ లోతు నీటిలో మైనస్ 13 దగ్గర, పసిఫిక్ లోతు నీటిలో మైనస్ 4 దగ్గర ఉంటుంది. అంత తేడా ఉంటే ఎవరు ఎవరో తేలిపోతుంది. కానీ బంగాళాఖాతంలో జాగ్రత్తగా ఉండు. గంగ, బ్రహ్మపుత్ర తెచ్చే మట్టి అడుగున అంతులేకుండా పరుచుకుని ఉంది. దక్షిణం నుంచి వచ్చే లోతు నీరు ఆ మట్టితో నియోడిమియం ఇచ్చిపుచ్చుకుంటుంది. నీరు మారకుండానే విలువ మైనస్ వైపు జరుగుతుంది. ఇక్కడ దాన్ని మట్టి ఎంత తాకిందో చెప్పే సాక్ష్యంగా వాడు, నీటి వాటాల లెక్కలో పెట్టకు. పైగా లీటరులో దొరికేది కొన్ని నానోగ్రాములే. ఓడ మీద ఇనుము తుప్పు, దుమ్ము అన్నీ నీ శత్రువులే. మొదటి క్రూజ్‌లోనే అది నెత్తిన పెట్టుకుని టెన్షన్ పడకు. ఆక్సిజన్, హైడ్రోజన్, రేడియం చాలు.

ఇంకో మాట. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీర ప్రవాహం దక్షిణానికి పారుతుంది. ఉత్తరాన పోగైన మంచినీరు మన తీరాన్ని అంటిపెట్టుకుని కిందికి దిగుతుంది. గోవా ఎన్ఐఓ (జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ) శాస్త్రవేత్తలు తీరం పొడవునా మత్స్యకారుల చేత నీళ్లు పట్టించి ఉప్పదనంలో ఈ సంగతి చూపించారు. నీ ఓడ అక్కడ ఉండేది కొన్నాళ్లే, ఆ నీరు మాత్రం నెలల తరబడి పారుతుంది. భీమిలిలో, కాకినాడలో రోజూ వేటకి వెళ్లేవాళ్లని అడిగి సీసాలు ఇవ్వు. వాళ్ల శ్రమకి డబ్బు ఇవ్వు, ఫలితం వచ్చాక వెళ్లి చెప్పు. ఏ నీరు ఎప్పుడు వస్తుందో రంగు చూసి చెప్పగలవాళ్లు వాళ్లు. వాళ్లు చెప్పింది కూడా నోట్‌బుక్‌లో ఎక్కించు.

ఉప్పదనానికీ డెల్టాకీ మధ్య గ్రాఫ్ గీసేటప్పుడు శాంపిల్స్ అన్నిటికీ కలిపి ఒకే గీత లాగకు. తీరానివి, నడి సముద్రానివి, పైపొరవి, వంద మీటర్ల కిందివి విడివిడిగా చూడు. గీతని సున్నా ఉప్పదనం దాకా పొడిగిస్తే వచ్చే విలువ ఒక నదిది కాదు, నదులూ వానలూ కలిసిన సగటుది. నువ్వు పట్టిన గోదావరి విలువ పక్కన పెట్టి చూస్తేనే దానికి అర్థం తెలుస్తుంది.

రాజమండ్రిలో మీ చిన్నత్తతో మాట్లాడాను. వారం వారం వంతెన మీద నీళ్లు పట్టడానికి వాళ్ల వీధిలో డిగ్రీ చదివే కుర్రాడు ఒప్పుకున్నాడట. అరవై మిల్లీలీటర్ల గాజు సీసాలు, పారాఫిల్మ్, లేబుళ్లు ఈ నెల ఇరవైలోగా అందేలా పంపు. ఎలా పట్టాలో ఒక కాగితం మీద తెలుగులో రాసి అందులో పెట్టు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ