ఆ సంతకం దగ్గర మొదలుపెట్టు

తమ్ముడూ,

నువ్వు పంపిన మూడు పేజీలూ రాత్రి రెండుసార్లు చదివాను. దుగ్గిరాల పసుపు చేలల్లో తిరిగి, కౌలు రైతుల పక్కన కూర్చుని రాశావని తెలుస్తూనే ఉంది. అయినా దీన్ని ఇలాగే పత్రికలో రాజకీయ వార్తలు రాసే పొలిటికల్ బ్యూరోకి పంపితే రెండో పేరా దాకా ఎవరూ రారు. పైన ‘కౌలు రైతుల సమస్యలు’ అని పెట్టావు. సమస్యల మీద కాగితాలు వాళ్లకు రోజూ వస్తూనే ఉంటాయి.

నాకూ ఒకరు చెబితేనే తెలిసింది. 1997లో కాలవల నిర్వహణను రైతుల సంఘాలకు అప్పగించే నీటి సంఘాల చట్టం వచ్చినప్పుడు నాలుగు ఠావులు రాసుకుని విజయవాడ గవర్నర్‌పేటలో ఒక సీనియర్ విలేకరి దగ్గరికి వెళ్లాను. సెక్షన్లన్నీ వరసగా చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, “మీ కాలవ మీద ఇప్పటిదాకా పెత్తనం ఎవరిది? రేపు సంఘం అధ్యక్షుడు ఎవరవుతాడు?” అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. ఊరెళ్లి అది కనుక్కొచ్చాకే ఆయన పెన్ను తీశారు. రాజకీయాలు రాసేవాళ్లకు విధానం అంటే అదే: ఎవరి చేతిలోది ఎవరి చేతికి పోతోంది?

అలాంటి ప్రశ్న నీ దగ్గరా ఉంది. మూడో పేజీ అడుగున పడేశావు. 2011లో వచ్చిన కౌలు రైతుల చట్టం కింద కౌలు రైతుకు రుణ అర్హత కార్డు ఇవ్వడానికి భూ యజమాని ఒప్పుకోవాలన్న షరతు లేదు. 2019లో దాన్ని రద్దు చేసి తెచ్చిన సాగుదారు హక్కుల చట్టంలో యజమాని సంతకం ఉంటేనే కార్డు, అదీ 11 నెలలకే. ఆ సంతకం ఎవరు కోరితే వచ్చింది? తీసేద్దామంటే ఏ పార్టీలో ఎవరు అడ్డం పడతారు? విలేకరి నాయకుల దగ్గరికి వెళ్లి అడగగలిగిన ప్రశ్నలు ఇవి.

విలేకరికి నువ్వు పంపే మెసేజ్ ఆ సంతకం దగ్గరే మొదలవ్వాలి. సంతకం కోసం మూడుసార్లు గుంటూరు బస్సెక్కిన ఆ రైతు ఉన్నాడే, “రేపు నువ్వు పొలం నాదే అంటే?” అని యజమాని గుమ్మంలోంచే పంపేసిన మనిషి, అతన్ని రెండో వాక్యంలోకి తీసుకురా. మొత్తం ఏడెనిమిది లైన్లు దాటకూడదు. చివర్లో నీ చేతిలో ఏ కాగితాలున్నాయో రాయి.

మీ మండలంలో ఎంతమంది దరఖాస్తు పెట్టారు, ఎందరికి కార్డులిచ్చారు అన్నది లేకపోతే ఇది ఒక్క మనిషి గోడుగానే మిగులుతుంది. సమాచార హక్కు చట్టం కింద ఇవాళే అడుగు. జవాబుకు 30 రోజుల గడువుంది. అసెంబ్లీ సమావేశాల ముందు ఆ లెక్క చేతికొస్తే దాని బలమే వేరు. కేబినెట్ సమావేశం ఉన్న రోజు మాత్రం విలేకరులకు ఫోన్ చేయకు, అందరూ వెలగపూడి సచివాలయంలో పరుగుల మీద ఉంటారు. ఒక విలేకరి కాదనే దాకా ఇంకొకరికి పంపకు.

ఇంకొకటి, నన్ను రాత్రి నిద్రపోనివ్వనిది. ఆ రైతు అసలు పేరు, ఊరు, ఎన్ని ఎకరాలో కూడా రాశావు. అది అచ్చయితే యజమాని గుర్తుపట్టడానికి నిమిషం పట్టదు, వచ్చే ఏడు ఆ చేను ఇంకొకరికి పోతుంది. పేరు వేయడానికి అతను ఒప్పుకున్నాడని నీ కాగితాల్లో ఎక్కడా లేదు. నా దగ్గరున్న ప్రతిలో పేరు కొట్టేశాను. నీ దాంట్లోనూ కొట్టెయ్. ఈ ఆదివారం వెళ్లి, అచ్చయితే ఏం జరగొచ్చో విడమరిచి చెప్పి, అతను ఏమంటాడో విను. ఆ తర్వాతే పంపు.

నీ అన్న