మీ అమ్మాయిని తడి ఇసుక గురించే మాట్లాడనివ్వండి

ప్రశ్న: మా అమ్మాయి విశాఖపట్నంలో బీఎస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం చదువుతోంది. ఫిబ్రవరి 28న, జాతీయ విజ్ఞాన దినోత్సవం నాడు, కాలేజీలో పది నిమిషాల ప్రసంగం చేయాలి. గాలిలో తేలిన కప్ప, ఏనుగు చర్మ వైశాల్యం, బీచ్‌లో తడి ఇసుక మీద కాలు వేస్తే చుట్టూ ఎందుకు ఆరిపోతుంది అనే మూడు అంశాలు అనుకుంది. మనసంతా మూడోదాని మీదే ఉంది. కృష్ణబిలాల గురించో, క్వాంటమ్ కంప్యూటర్ల గురించో మాట్లాడితే పై చదువులకు పనికొస్తుంది కదా? అందరూ నవ్వుతారేమోనని నా భయం. – ఒక తండ్రి, గాజువాక

జవాబు: మొదటి నిమిషంలో తప్పకుండా నవ్వుతారు, ఆ నవ్వుకు మీరు భయపడనక్కర్లేదు. నేను భయపడేది మరో దృశ్యానికి. కృష్ణబిలాల మీద ముప్ఫై స్లైడ్లు చూపించిన విద్యార్థిని "దాని ద్రవ్యరాశిని ఎలా కొలిచారమ్మా?" అని లెక్చరర్ అడిగితే, ఆ పిల్ల వెనక్కి తిరిగి స్లైడులో జవాబు వెతుక్కోవడం ఎన్నోసార్లు చూశాను. అది ఆమె తెలివితక్కువతనం కాదు. తన చేతికి, కంటికి అందని విషయాన్ని ఎత్తుకోవడం వల్ల వచ్చిన ఇబ్బంది.

ఆమె అనుకున్న మూడూ మంచి అంశాలే. బలమైన అయస్కాంత క్షేత్రంలో కప్పను తేల్చిన ఆండ్రీ గైమ్‌కు 2000లో, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి వస్తే, ఒక్క పరమాణువు మందం ఉండే కార్బన్ పొర అయిన గ్రాఫీన్ మీద పరిశోధనకు 2010లో అసలు నోబెలే వచ్చింది. కానీ దాదాపు 16 టెస్లాల (అయస్కాంత క్షేత్ర బలానికి కొలమానం) అయస్కాంతం మన కాలేజీ ల్యాబులో ఉండదు కనుక, ఆ ప్రసంగం వీడియో చూపించడంతోనే ఆగిపోతుంది. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన శ్రీకుమార్, నిర్మలన్ ఏనుగు భుజం ఎత్తు, ముందుకాలి పాదం చుట్టుకొలత తెలిస్తే చర్మ వైశాల్యాన్ని అంచనా కట్టే సూత్రం ఇచ్చారు. 2002లో గణితం విభాగంలో ఇగ్ నోబెల్ అందుకున్నారు. అదీ చక్కని అంశమే, కాకపోతే కొలిచి చూపించడానికి ఏనుగు కావాలి.

తడి ఇసుక అలా కాదు. అల వెనక్కి పోయాక మెరుస్తున్న గట్టి ఇసుక మీద పాదం మోపితే, పాదం చుట్టూ ఉన్న మెరుపు ఒక్కసారిగా పోయి ఇసుక తెల్లబారుతుంది. నీళ్లు బయటికి పిండుకు రావలసింది పోయి లోపలికి ఎందుకు వెళ్లాయన్నదే ప్రశ్న. దీనికి 1885లో బ్రిటిష్ శాస్త్రవేత్త ఆస్‌బోర్న్ రేనాల్డ్స్ సమాధానం చెప్పాడు. దగ్గర దగ్గరగా సర్దుకుని ఉన్న రేణువులు కదలాలంటే ఒకదాని మీదికి ఒకటి ఎక్కాలి. అలా ఎక్కినప్పుడు వాటి మధ్య సందులు పెరుగుతాయి, పైనున్న నీరు ఆ సందుల్లోకి దిగిపోతుంది. కాలు తీయగానే రేణువులు మళ్లీ సర్దుకుంటాయి, అందుకే పాదముద్రలో నీరు ఊరుతుంది.

దీన్ని వేదిక మీదే చూపించవచ్చు. మెత్తని ప్లాస్టిక్ సీసాలో ఇసుక, నీళ్లు నింపి, మూతకు రంధ్రం చేసి పారదర్శకమైన స్ట్రా బిగించి, అంచుల వెంట గాలి పోకుండా మైనం పెట్టాలి. స్ట్రాలో సగం దాకా రంగునీళ్లు పోశాక సీసాను నొక్కితే, నీరు పైకి ఎగదన్నుతుందని అందరూ అనుకుంటుండగా కిందికి దిగుతుంది. హాలంతా నిశ్శబ్దమయ్యేది అక్కడే. ఇసుకను వదులుగా పోసి వదిలేస్తే మాత్రం ప్రయోగం బెడిసికొడుతుంది. సీసాను బల్ల మీద బాగా తట్టి కుదించాలి, లోపల గాలి బుడగ మిగలకూడదు. ఎన్నిసార్లు తడితే నీరు ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో పట్టిక రాసుకుని గ్రాఫ్ గీస్తే, ఆ గ్రాఫ్ పూర్తిగా ఆమెదే అవుతుంది.

వదులు ఇసుక గురించే ప్రసంగం రెండో సగం నడపమని నా సలహా. నీటితో నిండిన వదులు ఇసుక భూకంపంలో ఊగినప్పుడు రేణువులు కుదించుకుపోతాయి, నీటికి పోయే దారి లేక పీడనం పెరుగుతుంది, నేల ద్రవంలా మారుతుంది. 1964లో జపాన్‌లోని నీగాతాలో అపార్ట్‌మెంట్ భవనాలు పక్కకు ఒరిగిపోవడానికి కారణం అదే. 2001 భుజ్ భూకంపంలోనూ కచ్ ప్రాంతంలో ఇదే జరిగింది. మొదట నవ్విన వాళ్లు ఇక్కడికి వచ్చేసరికి నోట్సు రాసుకుంటారు.

చిన్నపిల్లల ప్రశ్నలా ఉందని వెనకాడకండి. ఆ ప్రసంగం ఏ రోజున జరుగుతోందో, ఆ రోజుకు కారణమైన సి.వి.రామన్ బాల్యంలో చదువుకున్నది మీ విశాఖపట్నంలోనే. 1921లో ఓడ ప్రయాణంలో మధ్యధరా సముద్రపు నీలిరంగు చూసి ఆయన వేసుకున్న ప్రశ్న కూడా పసివాళ్లు అడిగేదే.

పై చదువుల విషయం దాచకుండా చెబుతాను. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ అనే ప్రవేశపరీక్షలో వచ్చే ర్యాంకే ఆధారం, ఈ ప్రసంగానికి అక్కడ ఒక్క మార్కూ రాదు. అయితే దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్‌కు దరఖాస్తు చేసేటప్పుడు, తాను ఏం చేయాలనుకుంటున్నదో సొంత మాటల్లో రాయాలి. టీఐఎఫ్ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్) వంటి పరిశోధన సంస్థలు పీహెచ్‌డీకి రాతపరీక్ష తర్వాత ఇంటర్వ్యూ చేస్తాయి. తాను చేసి, చెడగొట్టుకుని, సరిచేసుకున్న ప్రయోగం ఒక్కటి ఉన్నా అక్కడ తడబడకుండా మాట్లాడగలుగుతుంది.

వచ్చే ఆదివారం ఉదయం, సముద్రం వెనక్కి తగ్గిన వేళ చూసుకుని మీరూ ఆమెతో ఆర్కే బీచ్‌కు వెళ్లండి. ఆమె ఇసుక మీద అడుగు వేస్తుంటే, పాదం చుట్టూ మెరుపు పోయే ఆ క్షణాన్ని ఫోన్‌లో దగ్గరగా తీయడానికి ఇంకొకరు కావాలి.