గోరు లోతుగా తెగింది, రక్తం ఆగట్లేదు!

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది కాకినాడ. మా బ్రూనో లాబ్రడార్, నాలుగేళ్లవాడు, ముప్పై కిలోలు ఉంటాడు. పోయిన ఆదివారం వాడి గోళ్లు నేనే కత్తిరించాను. మూడు గోళ్లు బాగానే అయ్యాయి, నాలుగోది టక్కుమనగానే వాడు కుయ్యిమని కాలు లాక్కున్నాడు. చూస్తే తెల్ల టైల్స్ మీద ఎక్కడ చూసినా ఎర్రటి అడుగులే. పసుపు అద్దాను, ఆగలేదు. మా అత్తగారు చెబితే కాఫీ పొడి కూడా పెట్టాను. మధ్యమధ్యలో తుడిచి చూస్తూనే ఉన్నాను, ఆగిందనుకునేలోపు మళ్లీ కారేది. మొత్తం ముప్పావుగంట పట్టింది, నాకు ఏడుపొక్కటే తక్కువ. ఇప్పుడు కట్టర్ కనిపిస్తే చాలు వాడు మంచం కిందికి దూరుతున్నాడు. ఇంకోసారి ఇలా అయితే ఏం చేయాలి?

జవాబు: ముందు మీ టెన్షన్ తగ్గించుకోండి. ముప్పై కిలోల కుక్క ఒంట్లో దాదాపు రెండున్నర లీటర్ల రక్తం ఉంటుంది, మీ టైల్స్ మీద పడిందంతా పోగేస్తే నాలుగైదు చెంచాలు ఉంటే ఎక్కువ. తెల్ల టైల్ మీద నాలుగు చుక్కలు పడి, వాటిని తొక్కుకుంటూ వాడు హాలంతా తిరిగితే ఇంట్లో ఏదో ఘోరం జరిగినట్టే కనబడుతుంది మరి.

రక్తం ఎందుకు ఆగలేదో మీరే రాశారు. "మధ్యమధ్యలో తుడిచి చూస్తూనే ఉన్నాను" అన్నారు చూడండి, అదే. గోరు లోపల రక్తనాళం, నరం ఉన్న లేత భాగం ఒకటి ఉంటుంది, మేం దాన్ని క్విక్ అంటాం, తెల్ల గోళ్లలో గులాబీ రంగులో పైకే కనిపిస్తుంది. కట్టర్ దానికి తగిలితే రక్తం వస్తుంది, ఆ తెగిన చోట రక్తం గడ్డకట్టి మూతలా పడితే ఆగుతుంది. ఆ మూత పడబోతుండగా మీరు తుడిచేశారు, కథ మళ్లీ మొదటికొచ్చింది. అలా ముప్పావుగంటలో ఎన్నిసార్లు తుడిచి ఉంటారో మీకే తెలియాలి. చదువుకునే రోజుల్లో నేనూ ఒక పామేరియన్ గోరు ఇలాగే కత్తిరించి, రెండు నిమిషాలకోసారి దూది తీసి చూస్తుంటే మా సీనియర్ వచ్చి నా చెయ్యి మీద చెయ్యి వేసి గట్టిగా నొక్కి "చూడకు" అన్నాడు. అంతే, ఆగిపోయింది.

కాబట్టి ఈసారి శుభ్రమైన గుడ్డ మడత గోరు కొసకు ఆనించి గట్టిగా అదిమి పట్టుకోండి. ఫోన్‌లో ఐదు నిమిషాలకు అలారం పెట్టుకోండి, ఎందుకంటే ఆ కంగారులో మనకు నిమిషం పది నిమిషాల్లా అనిపిస్తుంది. అలారం మోగేదాకా గుడ్డ ఎత్తొద్దు, రక్తం గుడ్డలోంచి పైకొచ్చినా సరే దాని మీదే ఇంకో గుడ్డ వేసి నొక్కండి.

పొడి ఏదైనా పెట్టాలంటే పెట్ షాపుల్లో దొరికే స్టిప్టిక్ పౌడర్ అన్నిటికన్నా మంచిది. అందులో సాధారణంగా ఫెర్రిక్ సబ్‌సల్ఫేట్ అనే ఇనుప లవణం ఉంటుంది, రక్తాన్ని అక్కడికక్కడే గడ్డకట్టిస్తుంది. దాన్ని పైనుంచి చల్లితే లాభం లేదు, కారే రక్తమే దాన్ని తోసేస్తుంది. మూతలో కొంచెం పోసి, గోరు కొసను అందులో గుచ్చి, వేలితో అదమండి. గోటికి మాత్రమే సుమా, చర్మం మీద లోతు గాయాలకు వాడొద్దు. అది లేకపోతే పటిక ఉంది కదా, మంగలి షాపులో గడ్డం గీశాక రాస్తారే, అదే. మెత్తగా దంచి అలాగే అద్దండి. రెండూ మండుతాయి, కాబట్టి ఇంకొకరు తల పట్టుకోవాలి, ఎంత మంచి కుక్కయినా నొప్పికి కరుస్తుంది. అవీ లేవా, వంటింట్లో కార్న్‌ఫ్లోరో మైదానో ఉంటుంది, లేదంటే తడవని సబ్బు బిళ్లలో గోరు గుచ్చి తీయండి, ఆ సబ్బు కొసకు బిరడాలా పడుతుంది. పసుపూ కాఫీ పొడీ పెట్టినందుకు నేనేం తిట్టను గానీ, కాఫీ పొడి కుక్క నాకితే మంచిది కాదు, ఇకనుంచి అది అత్తగారి గ్లాసుకే వదిలేయండి.

ఆగాక అరగంట వాణ్ని ఒకచోట కూర్చోబెట్టండి. మెట్లు, పరుగులు, ఆ రోజుకు మట్టిలో తిరగడం వద్దు. నాకితే గడ్డ ఊడిపోతుంది కాబట్టి కాసేపు కాలికి సాక్సు తొడగండి. నొప్పి కదా అని మనం వేసుకునే పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రం ఇవ్వకండి, కుక్కలకు అవి విషంతో సమానం.

తుడవకుండా, చూడకుండా ఇరవై నిమిషాలు గట్టిగా అదిమినా కారుతూనే ఉంటే అప్పుడు ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అప్పుడు అనుమానించాల్సింది గోటిని కాదు, రక్తాన్ని. మన దగ్గర పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్ చాలా ఎక్కువ, అందులో ప్లేట్‌లెట్లు పడిపోయి చిన్న గాయం కూడా ఆగదు. రక్తం గడ్డకట్టనివ్వని రకం ఎలుకల మందు తిన్న కుక్కలోనూ అంతే, పైగా ఆ మందు ప్రభావం తిన్న రోజు కాదు, రెండు మూడు రోజుల తర్వాత బయటపడుతుంది. డాబర్‌మ్యాన్‌లలో పుట్టుకతోనే రక్తం సరిగా గడ్డకట్టని జబ్బు ఒకటి ఉంది. చిగుళ్లు పాలిపోవడం, పొట్ట మీద ఎర్ర చుక్కలు, ముక్కునుంచి రక్తం కనిపిస్తే గోరు సంగతి తర్వాత, ముందు రక్త పరీక్ష చేయించండి. బ్రూనోకి ఇవేవీ ఉన్నట్టు మీరు రాయలేదు, చివరికి ఆగింది కూడా, కాబట్టి నా లెక్కలో అది తుడవడం వల్లే. రెండు మూడు రోజుల్లో వేలు వాచినా, చీము పట్టినా, కుంటినా మాత్రం చూపించండి.

ఇక మంచం కిందికి దూరడం గురించి. వారం పాటు కట్టర్‌తో ఏమీ కత్తిరించకండి. అన్నం గిన్నె పక్కన ఊరికే పెట్టండి. తర్వాత కట్టర్ కాలికి తాకించి ఒక బిస్కెట్. ఆ తర్వాత రోజుకి ఒకే గోరు, ఒకే బిస్కెట్. నాలుగు కాళ్లూ ఒకే ఆదివారం పూర్తిచేయాలనే పట్టుదల మనది, వాడిది కాదు.

ప్రశ్న: మా కుక్క గోళ్లు నల్లగా ఉంటాయి, లోపల ఏముందో కనిపించదు. ఎక్కడిదాకా కత్తిరించాలి? మనం వాడే నెయిల్ కట్టర్ పనికొస్తుందా? (నిజామాబాద్ నుంచి ఒక పాఠకుడు)

జవాబు: మన కట్టర్ వద్దు, అది గుండ్రటి గోటిని కోయదు, నలిపేస్తుంది. కుక్కల కట్టర్‌తో ఒకేసారి కాకుండా బియ్యపు గింజంత చొప్పున తీస్తూ, ప్రతిసారీ కోసిన ముఖాన్ని చూడండి. మొదట పొడిగా, సుద్దలా ఉంటుంది. మధ్యలో ముదురు రంగు చుక్క, తడి మెరుపు కనిపించగానే ఆపేయండి, క్విక్ అక్కడికి దగ్గర్లోనే ఉంది. గోళ్లు చాలా పెరిగిపోయాయా, అయితే క్విక్ కూడా పొడుగై ఉంటుంది, ఒక్కసారిగా పొట్టి చేయలేరు. పది రోజులకోసారి కొంచెం కొంచెం తీస్తుంటే అదీ వెనక్కి తగ్గుతుంది. రోజూ సిమెంటు రోడ్డు మీద నడిచే కుక్కలకు చాలావరకు గోళ్లు వాటంతటవే అరుగుతాయి, కానీ ముందు కాళ్లకు లోపలి వైపు పైన ఉండే బొటనగోరు నేలకు తగలదు. అది గుండ్రంగా తిరిగి చర్మంలోకే గుచ్చుకున్న కుక్కల్ని నెలకొకటైనా చూస్తుంటాను. ముందు దాన్ని చూడండి.