ఆల్ప్స్ రైలెక్కే ముందు: క్రెడిట్ కార్డు లిమిట్ అత్యవసర నిధి కాదు

ప్రశ్న: నమస్తే సార్. నేను, మా ఆవిడ, నాలుగేళ్ల బాబు ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటాం. బాబుకు మార్చిలో ఐదు నిండుతాయి. నా స్కిల్డ్ వర్కర్ వీసా వచ్చే ఏడాది డిసెంబరు దాకా, అంటే ఇంకో 14 నెలలు ఉంది. పొడిగింపు ఖర్చు కంపెనీ ఇవ్వదు. పన్నులు పోను ఇద్దరికీ కలిపి నెలకు 4,500 పౌండ్లు వస్తాయి. అద్దె 1,550, బిల్లులు, కౌన్సిల్ ట్యాక్స్ 420, తిండి, రవాణా, బాబు ఖర్చు 900, మియాపూర్ ఫ్లాట్ ఈఎంఐ 450, అమ్మానాన్నలకు 130. ఇవి పోను పైఖర్చులుంటాయి, 500 దాకా దాస్తున్నాం. బ్యాంకులో 1,900 ఉన్నాయి. ఫిబ్రవరి హాఫ్ టర్మ్ సెలవుల్లో రైల్లో ఫ్రాన్స్ వెళ్లి, ఆల్ప్స్ కొండల్లోని లేజార్క్‌లో వారం రోజులు స్కీయింగ్ చేద్దామనుకుంటున్నాం. మొత్తం 4,540 పౌండ్లు అవుతోంది. 3,000 పర్సనల్ లోన్ (13.9 శాతం, 24 నెలలు), మిగతాది సేవింగ్స్. అత్యవసరానికి 6,000 క్రెడిట్ కార్డు లిమిట్ ఖాళీగా ఉంది. లోన్ వద్దంటే అమ్మ తన బంగారం బ్యాంకులో పెట్టి డబ్బు పంపిస్తానంటోంది. రెండింట్లో ఏది మేలు?

జవాబు: రెండూ వద్దు. విహారానికి అమ్మ మెడలోది తాకట్టు పెట్టించే ఆలోచన దగ్గర ఎక్కువసేపు ఆగను. అది అడగకూడని ప్రశ్న.

మీ ఉత్తరాన్ని ఎంచుకున్నది ఆ ‘6,000 లిమిట్’ అన్న ముక్క కోసం. వీసా మీద బయట ఉంటున్న మనవాళ్లలో చాలామంది ఇలాగే లెక్కేస్తారు. లిమిట్ మీ డబ్బు కాదు, బ్యాంకు డబ్బు. ఉద్యోగం పోయాక దాన్ని గీకితే అది నిధి కాదు, జీతం లేని రోజున మొదలుపెట్టిన అప్పు. పైగా లిమిట్ తగ్గించే హక్కు బ్యాంకుకు ఎప్పుడూ ఉంటుంది. మీ పరిస్థితి చూసి మరీ తగ్గిస్తుంది.

ఈఎంఐ 143 పౌండ్లే కదా, రెండేళ్లలో వడ్డీ 426 దాకానే కదా అనిపిస్తోంది మీకు. నన్ను భయపెడుతున్నది ఆ 426 కాదు, వచ్చే డిసెంబరు. వీసా మూడేళ్లకు పొడిగిస్తే ఇమ్మిగ్రేషన్ హెల్త్ సర్‌చార్జ్ (వీసాతోపాటు కట్టే ఆరోగ్య రుసుము) పెద్దవాళ్లకు ఏడాదికి 1,035, పిల్లలకు 776 పౌండ్లు. మీ ఇద్దరికీ కలిపి 6,210, బాబుకు 2,328. మొత్తం 8,538. వాయిదాలు కుదరవు, దరఖాస్తుతోపాటే కట్టాలి. వీసా ఫీజులు దీనికి అదనం.

ఇప్పుడు మీ అంకెలే పెట్టి చూడండి. ఎక్కడికీ వెళ్లకుండా నెలకు 500 చొప్పున 14 నెలలు దాస్తే 7,000. ఉన్న 1,900 కలిపితే 8,900. సర్‌చార్జ్ కట్టాక 362 మిగులుతుంది, ఫీజులకు అదీ చాలదు. అంటే ఇంట్లో కూర్చున్నా అంచు మీదే ఉన్నారు. మీ ప్లాన్ ప్రకారం వెళ్లొస్తే? బ్యాంకులో 360 మిగులుతుంది. నెలకు దాచేది 357కు పడిపోతుంది. 14 నెలలకు చేతిలో ఉండేది 5,358. కావలసిన దానికి 3,180 తక్కువ. దానికోసం ఇంకో లోన్ తీస్తారు, అప్పటికి మొదటిది తీరి ఉండదు.

ఇదంతా ఉద్యోగం ఉన్నంతకాలం నడిచే లెక్క. పోతే హోం ఆఫీసు (బ్రిటన్ హోం శాఖ) వీసా కాలాన్ని 60 రోజులకు కుదించగలదు. ఈలోగా కొత్త స్పాన్సర్ దొరకాలి. మీ వీసా మీద ‘నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్’ అని ఉంటుంది కాబట్టి యూనివర్సల్ క్రెడిట్ లాంటి ప్రభుత్వ భృతులు రావు. జబ్బుపడితే కంపెనీ పాలసీ ఉంటే సరే, లేకపోతే చట్టబద్ధమైన సిక్ పే 2025-26లో వారానికి 118.75 పౌండ్లు. నెలకు లెక్కేస్తే మీ అద్దెలో మూడో వంతు దాకానే. తప్పించుకోలేని నెల ఖర్చులు మీరు రాసినవి కూడితే 3,450. మూడు నెలలకు 10,350. మీ ఇంటికి అత్యవసర నిధి అంటే అది, వీసా డబ్బుతో కలపకుండా. ఒక్కరోజులో వచ్చేది కాదని తెలుసు. అందుకే ఉన్న కాస్తనీ మంచులో పొయ్యొద్దంటున్నాను. సున్నా వడ్డీ కార్డు సంగతి అడగబోతున్నారేమో, గడువు దాటగానే మామూలు వడ్డీ మొదలవుతుంది. మియాపూర్ ఫ్లాట్ ఖాళీగా ఉంటే ఈ నెలే అద్దెకివ్వండి.

మీ బడ్జెట్లో రైలు, గది, లిఫ్ట్ పాసులు, లెసన్స్, స్కీల అద్దె, తిండి, వీసా అన్నీ ఉన్నాయి కాబోలు, ఇన్సూరెన్స్ అన్న మాటే లేదు. ఫ్రాన్స్ వెళ్లడానికి కావలసిన షెంగెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య కవరు చూపించాలి కాబట్టి చివర్లో ఏదో చౌకది కొనేస్తారు. వీసా అధికారికి ఆ కాగితం చాలు. మీ మోకాలికి చాలదు. చౌక పాలసీల్లో స్కీయింగ్ ఉండదు, ‘వింటర్ స్పోర్ట్స్’ అని విడిగా చేర్పించుకోవాలి. చేర్పించాక కూడా నాలుగు చోట్ల వేలు పెట్టి చదవండి: కొండ మీద రెస్క్యూ, హెలికాప్టర్ ఉన్నాయా, ఇంటికి చేర్చే ఖర్చు ఉందా, ఎదుటివాళ్లను గుద్దితే పర్సనల్ లయబిలిటీ స్కీయింగ్‌కూ వర్తిస్తుందా, గుర్తు పెట్టిన దారులు దాటి వెళితే ఏమవుతుంది. థైరాయిడో ఆస్తమానో ఉంటే దాచకండి, క్లెయిమ్ ఆగేది అక్కడే.

మీ ఎన్‌హెచ్ఎస్ (బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ) ఇచ్చే జీహెచ్ఐసీ కార్డు ఫ్రాన్స్ ప్రభుత్వ ఆసుపత్రిలో చికిత్సకు పనికొస్తుంది. కొండ మీంచి దించడానికి, ఇంగ్లండ్‌కు చేర్చడానికి రాదు. ఫ్రాన్స్‌లో స్కీ ప్రమాదాల రెస్క్యూ ఖర్చు వసూలు చేసుకునే అధికారం 1985 నాటి పర్వత చట్టంతో అక్కడి కమ్యూన్‌లకు (స్థానిక పాలన సంస్థలకు) వచ్చింది. పడిన చోటు ఎంత దూరమైతే బిల్లు అంత పెద్దది, వందల యూరోల్లో ఉంటుంది. కింద ఆసుపత్రికి ఆంబులెన్స్ మళ్లీ వేరు. లిఫ్ట్ పాస్ కొనేచోట ‘కారే నేజ్’ అని రోజుకు మూడు నాలుగు యూరోల పాలసీ అమ్ముతారు. రెస్క్యూ వరకు బాగానే ఉంటుంది, కొనండి. కానీ ట్రావెల్ ఇన్సూరెన్స్‌కు అది బదులు కాదు. కాలికి కట్టుతో మూడు రైళ్లు మారి రెడింగ్ చేరడం ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించుకోండి.

ఎప్పుడు వెళ్లాలన్నది చూద్దాం. ఫిబ్రవరి అన్నిటికంటే ఖరీదైన నెల. ఇంగ్లండ్ హాఫ్ టర్మ్, మూడు జోన్లుగా వచ్చే ఫ్రెంచి బడి సెలవులు అన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. జనవరి మధ్యలో అదే గది చాలా తక్కువకు దొరుకుతుంది. మీ బాబుకు మార్చిలో ఐదు నిండితే నిర్బంధ బడి వయసు ఏప్రిల్ టర్మ్ నుంచే. కాబట్టి ఈ జనవరిలో వారం మానిపించినా జరిమానా లేదు. తరువాతి ఏడాది నుంచి మాత్రం సెలవు మంజూరు కాకపోతే తల్లికి ఒకటి, తండ్రికి ఒకటి, 21 రోజుల్లో కడితే 80, దాటితే 160 పౌండ్లు. ఊరిస్తోంది కదూ జనవరి! అయినా ఈ సీజన్ వద్దనే అంటాను. చౌక ప్రయాణమైనా అది వీసా డబ్బులోంచే పోతుంది.

పొడిగింపు చేతికొచ్చాక, ఆ తరువాతి ఈస్టర్ సెలవులకు పెట్టుకోండి. ఏప్రిల్లో కింది ఊళ్లలో మంచు పలచబడుతుంది కాబట్టి లేజార్క్‌లోనే ఆర్క్ 2000 లాంటి ఎత్తయిన చోటు చూసుకోవాలి. ఈలోగా హెమెల్ హెంప్‌స్టెడ్‌లోనో మిల్టన్ కీన్స్‌లోనో ఉన్న ఇండోర్ స్లోప్‌లో ఒక లెసన్ తీసుకోండి. ఆ బూట్లలో రెండు గంటలు నిలబడలేని వాళ్లకు వారం పాసు దేనికి? కొత్తవాళ్లకు ఫ్రెంచి రిసార్టుల్లో చాలాచోట్ల ఉచిత లిఫ్టులుంటాయి. పక్క రిసార్టు లాప్లాన్ దాకా కలిపే పూర్తి పారాడిస్కీ లిఫ్ట్ పాసు మొదటి ఏడాది శుద్ధ దండగ.

రైలు మంచి నిర్ణయమే. డబ్బు పోయేది కనెక్షన్ల దగ్గర. లండన్ సెయింట్ పాంక్రస్ స్టేషన్లో యూరోస్టార్ గేట్లు బయలుదేరడానికి 30 నిమిషాల ముందే మూసేస్తారు, ఇండియన్ పాస్‌పోర్టుతో బోర్డర్ దగ్గర సమయం పడుతుంది. పారిస్‌లో గార్ దు నార్‌లో దిగి ఆర్‌ఈఆర్ డి లైను లోకల్ రైలెక్కితే రెండో స్టేషను గార్ ద లియోన్, ఆల్ప్స్ బండ్లు అక్కడినుంచే. బండి దూరం పది నిమిషాల లోపే. కానీ రెండు సూట్‌కేసులు, నిద్రపోతున్న పిల్లాడు, మెట్లు కలిస్తే అది గంట. మధ్యలో గంటన్నరకు తక్కువ పెట్టుకోవద్దు. శనివారం సీజన్ బండ్లు నిండిపోతాయి, టీజీవీ (ఫ్రాన్స్ హైస్పీడ్ రైలు) తప్పితే తరువాతి దాంట్లో ఎక్కనిచ్చినా సీటు దొరుకుతుందన్న హామీ లేదు. శనివారాల యూరోస్టార్ స్నో సర్వీసు ఉంటే అది మేలు, లీల్‌లో ఒక్కసారి మారితే చాలు, పారిస్ దాటే పని లేదు. చివర్లో దిగే బూర్ సాన్ మోరిస్ స్టేషను పక్కనుంచే లేజార్క్‌లోని ఆర్క్ 1600కు ఫ్యూనిక్యులర్ (కొండెక్కే కేబుల్ రైలు) ఏడు నిమిషాల్లో చేరుస్తుంది. టాక్సీ ఖర్చు పెట్టుకోకండి.

షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు. పెద్దవాళ్లకు 90 యూరోలు, ఆరు దాటితే బాబుకూ 45. వీసా తిరస్కరిస్తే ట్రావెల్ ఇన్సూరెన్సులు దాదాపు ఏవీ డబ్బివ్వవు, కాబట్టి స్టాంపు పడేదాకా రద్దు చేసుకోగల గదే తీసుకోండి. ఇన్సూరెన్స్ మాత్రం మొదటి టికెట్ కొన్న రోజే తీసుకోండి. ప్రయాణం ముందురోజు కొంటే, ఆలోగా బాబుకు జ్వరమొచ్చి మానుకున్నా క్యాన్సిలేషన్ కవరు పనిచేయదు.