నేవీలో వంట శిక్షణ: మా అబ్బాయికి ఇక్కడి నుంచి మందులు పంపవచ్చా?

ప్రశ్న: మాది ఉప్పల్. మా అబ్బాయికి 19 ఏళ్లు. అగ్నివీర్‌గా నౌకాదళంలో చేరి, ఒడిశాలోని ఐఎన్‌ఎస్ చిల్కాలో తొలి శిక్షణ పూర్తి చేసి, ఇప్పుడు ముంబయి మలాడ్‌లోని ఐఎన్‌ఎస్ హమ్లాలో వంట శిక్షణ పొందుతున్నాడు. చేతివేళ్లు పగిలి మండుతున్నాయని, చిల్కాలో పరుగులప్పుడు మొదలైన కుడికాలి నొప్పి మోకాలి కింద ఎముక దగ్గర ఇంకా తగ్గలేదని ఫోనులో చెబుతున్నాడు. ఎత్తు 172 సెంటీమీటర్లు. 64 కిలోలుండేవాడు 60కి తగ్గాడు. అక్కడి డాక్టరుకు చెబితే వెనక బ్యాచ్‌లో వేస్తారని భయపడుతున్నాడు. మా వారు మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు, చర్మానికి క్రీము, ప్రొటీన్ పొడి తెచ్చి కొరియర్ చేద్దామంటున్నారు. ‘వంటపని కోసం అంత దూరం పంపారా’ అనే బంధువుల మాటలు ఒకవైపు, ఈ దిగులు ఒకవైపు. నాకు రాత్రుళ్లు నిద్ర ఉండటం లేదు. ఏం చేయమంటారు?
– పేరు ప్రచురించవద్దని కోరిన ఒక తల్లి

జవాబు: ముందుగా, ఆ పార్సిల్ పంపకండి. మీ అబ్బాయి చెప్పిన బాధల్లో ఏదీ ఫోనులో విని మందు వేసుకోదగినది కాదు. పైగా మీరు కొన్నవాటిలో రెండు అతనికి హాని చేయగలవు. అక్కడి సిక్ బేకు, అంటే నౌకాదళ స్థావరంలోని వైద్యశాలకు, వెళ్లి చూపించుకునే ధైర్యం అతనికి కలిగించడమే ఇప్పుడు మీరు చేయగల సాయం.

వేళ్ల సంగతి కాస్త వివరంగా చెబుతాను. వంట నేర్చుకునేవారి చేతులు రోజంతా నీళ్లలో, సబ్బులో, ఉల్లి, మిర్చి రసాల్లో నానుతూ ఉంటాయి. చర్మం మీద ఉండే సహజమైన నూనె పొర కొట్టుకుపోయి, వేళ్లు ఎండి, పగుళ్లు వస్తాయి. ఎక్కువమందిలో కారణం ఇదే. అయితే పగుళ్లు ఏ చేతికి, ఏ వేళ్లకు ఉన్నాయో మీ అబ్బాయిని అడగండి. కుడిచేత్తో కత్తి పట్టేవారికి ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కొసలు మాత్రమే పొడిబారి పగులుతుంటే వెల్లుల్లి ఎలర్జీని అనుమానించాలి, ఎందుకంటే తరిగేటప్పుడు రెబ్బను పట్టుకునేది ఆ మూడు వేళ్లే. ఈ ఎలర్జీ తెచ్చే వెల్లుల్లిలోని రసాయనం మామూలు రబ్బరు తొడుగుల గుండా కూడా చర్మాన్ని చేరుతుంది కాబట్టి, గ్లవ్స్ వేసుకున్నా తగ్గడం లేదంటే ఆశ్చర్యపడనక్కరలేదు. దీనిని చర్మవ్యాధి నిపుణులు ప్యాచ్ పరీక్షతో, అంటే అనుమానమున్న పదార్థాన్ని వీపు మీద పట్టీతో అంటించి చూసి, నిర్ధారిస్తారు. ఈలోగా పాత్రలు కడిగేటప్పుడు లోపల పలుచని నూలు తొడుగు, పైన రబ్బరు తొడుగు వేసుకోవడం, చేతులను గోరువెచ్చని నీటితో కడిగి రుద్దకుండా అద్దుకోవడం, డ్యూటీ అయ్యాక వాసన లేని పెట్రోలియం జెల్లీ మందంగా రాసుకోవడం మేలు చేస్తాయి.

షాపులో ఇచ్చిన క్రీము పెట్టె మీద క్లోబెటాసాల్ అన్న పేరు ఉందేమో చూడండి. బలమైన స్టెరాయిడ్‌కు ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిపిన ఇటువంటి క్రీములు మన ఊళ్లో చీటీ లేకుండానే చేతికొస్తాయి. అది ఫంగస్ అయితే స్టెరాయిడ్ దురదను అణచి, మచ్చ రూపాన్ని మార్చి, లోలోపల పాకనిస్తుంది. కొన్ని నెలల తరువాత మా దగ్గరికి వచ్చేసరికి అసలు జబ్బేదో గుర్తుపట్టడమే కష్టమవుతుంది.

మీ అబ్బాయికి చెప్పవలసిన అసలు మాట ఒకటుంది. పగిలిన వేళ్లలో చీము పడితే అందులోని స్టెఫిలోకాకస్ క్రిములు ఆహారంలోకి చేరి విషపదార్థాన్ని తయారుచేస్తాయి. వండిన పదార్థాన్ని మళ్లీ మరిగించినా క్రిములు చస్తాయి కానీ ఆ విషం పోదు. విరేచనాలు, వాంతులు పట్టుకున్నప్పుడు కూడా, అవి పూర్తిగా ఆగాక 48 గంటల వరకు వంటవారు ఆహారాన్ని తాకకూడదు. మెస్‌లో తినేవారంతా అతని చేతిని నమ్ముకున్నవారే కాబట్టి, ఈ రెండు విషయాల్లో దాచడం మొహమాటం కింద చెల్లదు. తన బాధ కోసం డాక్టరు దగ్గరికి వెళ్లడానికి సిగ్గుపడే కుర్రవాడు పదిమంది కోసమంటే వెళ్తాడని నా అనుభవం.

కాలినొప్పికి వస్తే, ఫోనులో రెండు ప్రశ్నలు అడగండి. నొప్పి ఎముక లోపలి అంచు పొడవునా జానెడు మేర ఉందా, లేక ఒక్కవేలితో నొక్కి చూపగలిగినంత ఒకేచోట ఉందా? ఆ ఒక్క కాలిమీద గెంతితే ప్రాణం పోయినట్టుంటుందా, రాత్రి పడుకున్నాక కూడా సలుపుతుందా? మొదటి రకం సాధారణంగా పరుగులు తగ్గించి విశ్రాంతి ఇస్తే నయమవుతుంది. రెండో రకమైతే ఎముకలో సన్నని చీలిక, అంటే స్ట్రెస్ ఫ్రాక్చర్ ఉందేమోనని చూడాలి. తొలి రెండు మూడు వారాల్లో తీసిన ఎక్స్‌రేలో అది కనిపించకపోవచ్చు గనుక అవసరమైతే ఎమ్మారై చేస్తారు. నొప్పి మాత్రలు మింగుతూ పరుగెత్తితే ఆ చీలిక తెలియకుండానే పెరుగుతుంది. అంతేకాక చెమటతో ఒంట్లో నీరు తగ్గినవేళ డైక్లోఫెనాక్ వంటి మాత్రలు కిడ్నీలను దెబ్బతీయగలవు. గట్టి కసరత్తు చేసిన రోజున మూత్రం కోలా రంగులో వస్తే మాత్రం ఆ క్షణమే ఆస్పత్రికి వెళ్లాలని చెప్పి ఉంచండి.

వెనక బ్యాచ్ భయం అర్థం లేనిదని నేను అనను. వైద్య కారణాలతో శిక్షణ బాగా తప్పినవారిని తరువాతి బ్యాచ్‌తో కలపడం రక్షణ దళాల్లో ఉన్నదే. కానీ తొందరగా గుర్తించిన స్ట్రెస్ ఫ్రాక్చర్ చాలావరకు ఆరు నుంచి ఎనిమిది వారాల విశ్రాంతితో మానుతుంది. దాచి దాచి ఎముక పూర్తిగా విరిగితే నెలలు పడుతుంది, అప్పుడు వెనకబడటం తప్పనే తప్పదు. ‘బ్యాచ్ మారినా మాకేమీ అనిపించదు, కాలు ముఖ్యం’ అని మీరు, ముఖ్యంగా అతని నాన్నగారు, ఒక్కసారి స్పష్టంగా చెప్పండి. చాలామంది పిల్లలు పై అధికారి కంటే ఇంట్లో ఏమనుకుంటారోననే ఎక్కువ జంకుతారు.

బరువు గురించి అంతగా బెంగపడకండి. 172 సెంటీమీటర్లకు 60 కిలోలంటే బీఎంఐ 20 దాటి ఉంది, అది ఆరోగ్యకరమే. ఇంకా తగ్గుతూ పోతున్నా, సాయంత్రం జ్వరం, రెండు వారాలకు మించిన దగ్గు ఉన్నా క్షయ పరీక్ష చేయించుకోవాలి. ప్రొటీన్ పొడి అవసరం లేదు; మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ కూడా 2024 మార్గదర్శకాల్లో కండల కోసం అలాంటి పొడులు వద్దనే చెప్పింది.

ఆ సంస్థ పేరు వచ్చింది కాబట్టి మీ బంధువులకొక మాట. 1918లో కూనూర్‌లో అది మొదలైంది విటమిన్ బి1 లోపంతో వచ్చే బెరిబెరి వ్యాధిపై విచారణ విభాగంగా; 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. అదే బెరిబెరి 1880ల్లో జపాన్ నౌకాదళాన్ని పట్టి పీడించింది. ర్యూజో అనే శిక్షణ ఓడలో 376 మందిలో 169 మందికి ఆ జబ్బు వచ్చి 25 మంది చనిపోయారు. నౌకాదళ వైద్యుడు తకాకి కనెహిరో 1884లో మరో ఓడను భోజనం మాత్రం మార్చి అదే దారిలో పంపిస్తే బెరిబెరితో ఒక్కరూ చనిపోలేదు. విటమిన్ అంటే ఏమిటో తెలియని ఆ రోజుల్లో అతను ఊహించిన కారణం సరైనది కాదు, అయినా ఓడను కాపాడింది వంటశాలే. మీ అబ్బాయి నేర్చుకుంటున్న పనిని డాక్టరుగా నేను చిన్నదిగా చూడలేను.

ఇక మీ నిద్ర. అబ్బాయితో మాట్లాడేందుకు వారంలో అతనికి వీలైన వేళ ఒకటి అతన్నే చెప్పమని, మిగతా సమయంలో ఫోను రాకపోతే పనిలో ఉన్నాడనే అనుకోండి. ప్రతి ఫోనులోనూ ‘ఏం తిన్నావు, ఎంత తగ్గావు’ అని మొదలుపెడితే అతను నిజం చెప్పడం మానేస్తాడు. ఆ రోజు ఏం వండాడో అడగండి. నిద్రలేమి, గుండెదడ రెండు వారాలకు మించి ఉంటే టెలి మానస్ 14416 నంబరులో తెలుగులోనే కౌన్సెలర్‌తో మాట్లాడవచ్చు, అదే నంబరు మీ అబ్బాయి దగ్గర కూడా ఉండనివ్వండి. మీ వయసు రాయలేదు. దగ్గరలోని బస్తీ దవాఖానాలో ఒకసారి బీపీ, షుగరు చూపించుకోండి.